అప్పగించిన పెట్టెకు జవాబుదారి యెవ్వరు?

ఒకని సొమ్మును నమ్మకముమీద చేతబట్టినవాడు దానికి కాపరి యగును గాని యజమాని కాడు. ఈ చిన్న నీతిని మా పాఠశాలలో మూడవ తరగతి బాలురు సైత మెఱుగుదురు. దాచుమని యిచ్చిన బలపమును సాయంకాలమున మరల నీయలేని తోటివానిని వారు తమ పంచాయతిలో నిలువబెట్టుదురు. "నాకు దెలియదు, ఎక్కడనో పడిపోయినది" అన్న మాటను వినిపించుకొనరు. క్రొత్త బలపము కొని యిచ్చువఱకు వానిని ఆటలో చేర్చుకొనరు. పిల్లల పంచాయతిలో చెల్లని యీ సమాధానము, యాత్రికుల పెట్టెలను తూచి, చీటి కట్టి, కడుపున బెట్టుకొని యాకాశమున కెగురు విమానసంస్థల నోట నేల చెల్లుచున్నదో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

విమానయానము శ్రీమంతుల విలాసమనియు, అందు పోయిన సొమ్మునుగూర్చి విలపించుట మన పత్రికకు దగదనియు కొందఱు చదువరు లనుకొనవచ్చును. అట్టివారు మా యుత్తర తెలంగాణమునకు వచ్చి చూడవలెను. "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" యని మా ప్రాంతమున నొక నానుడి కలదు. వానలు మోసగించిన చేనును, కూలి గిట్టని మగ్గమును విడిచిన మావారికి మిగిలిన మూడు దారు లవి. కరీంనగరము, ఆదిలాబాదు అను పాత జిల్లాలు 2016 అక్టోబరులో విభక్తములై జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, నిర్మలు, మంచిర్యాల మున్నగు పేర్లతో క్రొత్త జిల్లా లేర్పడెను గాని, ఆ నానుడి మాత్రము అన్నిటికిని ఉమ్మడిగనే నిలిచినది. మునుపు గల్ఫు దేశములకు బోవువారిలో ననేకులు బొంబాయి చేరి విమాన మెక్కెడివారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట, రాత్రి బస్సులో బయలుదేఱి తెల్లవాఱకమునుపే దాని గుమ్మము చేరుచున్నారు. ఇప్పుడు మా పల్లెలలో రైలెక్కని వృద్ధులైన గలరు గాని, విమాన మెక్కిన కొడుకు లేని వాడ యరుదు.

మఱియొక తెగవారును గలరు. కుమారుడో కూతురో అమెరికాలో నుండగా, సకినాలను, గరిజలను, మామిడి తొక్కును, నిర్మలు బొమ్మలను పెట్టెలకెత్తికొని పోవు తలిదండ్రులు మా పట్టణములలో వీధికొక్కరు. వీరి పెట్టెకు చక్రము లుండును. కూలివాని పెట్టెకు త్రాడుండును. అప్పగించిన పిమ్మట రెండును ఒక్క చీకటిలోనికే పోవుచున్నవి.

మే మెఱిగిన యొక సంగతిని చెప్పెదము. జగిత్యాల ప్రాంతమున మాయొద్ద చదువుకొను నొక బాలిక తండ్రి, మూడేండ్లు ఎడారి యెండలో కట్టడపు పని చేసి, సెలవుపై నింటికి వచ్చెను. ఆయన వెంట వచ్చినది అట్టపెట్టె యొకటి. దానికి నైలాను త్రాడు బిగించి, నాలుగు ప్రక్కలను నల్లసిరాతో తన పేరును, ఊరి పేరును పెద్ద యక్షరములతో వ్రాసికొనెను. లోపల దుప్పట్లు, ఖర్జూరములు, పాలపొడి డబ్బాలు, అత్తరు సీసాలు, రెండు సెల్‌ఫోనులు, పదవ తరగతికి వచ్చిన కూతునకు చేతిగడియారము. ఇంటికి చేరి విప్పబోవునప్పటికి, తాను వేసిన టేపుమీద తాను వేయని టేపు కనబడెను. దుప్పట్లున్నవి, వాని మడతలలో నుంచిన సెల్‌ఫోనులు లేవు. గడియారపు డబ్బా యున్నది. అందు గడియారము లేదు. దొంగకు తీఱిక యుండెనని యిందువలన తెలియుచున్నది. పరుగెత్తు దొంగ డబ్బాతో గూడ నెత్తుకొనిపోవును. డబ్బాను విప్పి, గడియారమును దీసికొని, మూత పెట్టి, టేపు వేసినవాడు తన్నెవ్వరు నడుగరని యెఱిగినవాడు.

"పోయినయి పోనియ్యుండ్రి సారూ, మల్ల సంపాదిస్త. గని ఉత్త డబ్బ బిడ్డ చేతికి ఎట్లియ్యాలె?" అని యాయన మాతో ననెను.

ఆయన మాయొద్దకు వచ్చినది తొమ్మిదవ నాడు. మొదటి దినములు చుట్టముల రాకతో గడచెను. తరువాత వేములవాడ మొక్కు తీర్చుకొనివచ్చిరి. అటుపై కూతురు బలవంత పెట్టగా మా గడప త్రొక్కెను. మేము మా యింగ్లీషు విద్యనంతయు వెచ్చించి విమానసంస్థకు లేఖ వ్రాసితిమి. ఆఱు వారములకు రెండు పంక్తుల ప్రత్యుత్తరము వచ్చెను. పెట్టె నందుకొన్నప్పు డేమియు ననలేదు గావునను, ఏడు దినముల గడువు దాటినది గావునను తాము బాధ్యులము కామని దాని సారాంశము. దొంగలు పడిన యాఱు నెలలకు కుక్కలు మొఱిగినవన్న సామెత కలదు గదా. ఈ కథలో నాలసించి మొఱిగినది మేమే. ఇరువది యేండ్లుగా కాళిదాసును, షేక్స్పియరును బోధించుచున్న మాకు ఆ యేడు దినముల సంగతి తెలియదు. చదువురానివాడు చదువుకొన్నవానియొద్దకు వచ్చి యేమి ప్రయోజనము పొందెను? ఆ సిగ్గే మాచేత నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

అటుపిమ్మట మేము ఆ శాసనమును సంపాదించి చదివితిమి. దేశదేశముల నడుమ విమానములలో బోవు మనుష్యులకును, వారి సామానులకును సంబంధించి 1929లో వార్సా నగరమున నొక యొడంబడిక జరిగెను. దానికి మాఱుగా 1999లో మాంట్రియలు నగరమున మఱియొకటి చేసికొనిరి. భారతదేశ మందు 2009లో చేరినది. మనవారు కూలికి బోవు గల్ఫు దేశములును చేరియున్నవి. దాని 17వ అధికరణము ప్రకారము, అప్పగింపబడిన సామాను తన యధీనమున నున్న కాలములో పోయినను చెడినను వాహకుడే బాధ్యుడు. సామానులోని సహజదోషము వలన కలిగిన నష్టమునకు మాత్రమే మినహాయింపు గలదు. వాహకుని తప్పును యాత్రికుడు నిరూపింప నక్కఱలేదు. వార్సా కాలమున నష్టమును కిలోల చొప్పున లెక్కగట్టెడివారు. మాంట్రియలు దానిని మనిషి చొప్పునకు మార్చినది. 2024 డిసెంబరు 28వ తేదీ నుండి ఆ గరిష్ఠ పరిమితి యాత్రికునికి 1,519 ఎస్. డి. ఆర్.; అనగా అంతర్జాతీయ ద్రవ్యనిధి కట్టు మారకపు లెక్కలో నుండి మన ద్రవ్యమునకు దింపినచో లక్షన్నర రూపాయలకు పైమాట. అంతకు మించిన సొమ్ము పెట్టెలో నున్నచో, అప్పగించునప్పుడే విలువ ప్రకటించి, అడిగినంత యదనపు రుసుము చెల్లించి, బాధ్యతను పెంచుకొను వీలును గలదు. వాహకుడు తన బాధ్యతను తప్పించుకొనుటకును, పరిమితిని తగ్గించుకొనుటకును వ్రాసికొను నిబంధన లెట్టివైనను చెల్లవని 26వ అధికరణము చెప్పుచున్నది. చీటివెనుక చీమతలలంత యక్షరములతో "మేము బాధ్యులము కాము" అని యచ్చొత్తించువారు ఈ యధికరణమును చదువలేదో, యాత్రికుడు చదువడని ధైర్యముగ నున్నారో మాకు దెలియదు.

ఇంత మంచి శాసనమున కొక యిఱుకు ద్వారము కలదు. అది 31వ అధికరణము. ఏమియు ననక పెట్టె నందుకొన్నచో అది సరిగా ముట్టినట్లే మొదట భావింపబడును. చెడినదన్న ఫిర్యాదును పెట్టె యందిన యేడు దినములలో వ్రాతమూలకముగ పంపవలెను. దావా వేయుటకు మాత్రము రెండేండ్ల గడువు గలదు.

లోపలి వస్తువులు మాత్రమే పోయినప్పు డీ యేడు దినముల కట్టు వర్తించునా యన్న ప్రశ్న పూర్వము ఇంగ్లండులో నత్యున్నత న్యాయస్థానమువఱకు బోయినది. 1975లో ఇటలీ నుండి లూటనునకు వచ్చిన యొక యాత్రికుడు పెట్టె చినిగినదని యచ్చటనే చెప్పెను గాని, చొక్కాయు, చెప్పుల జతయు, ఉన్ని యంగీయు పోయినవని యింటికి చేరిన పిమ్మట తెలిసికొనెను. ఆ సంగతి నేడు దినములలో తెలుపలేదు. 1980లో ప్రభువుల సభలోని న్యాయాధిపతు లైదుగురు కూర్చుండి, లోపలి వస్తువులు పోవుటయు "చెడుట"లో చేరినదే యని తీర్మానించిరి. అతని వాదము వీగిపోయెను. ఒక చొక్కాకొఱ కింత విచారణ జరుగు దేశములో సైతము గడువు దాటినవానికి దిక్కు లేకపోయె నన్నచో, వేములవాడకు బోయివచ్చిన మా కూలివాని గతి చెప్పనేల? కావున చదువరులు మొదట మనస్సున నుంచుకొనవలసినది యిదియే: లోపలి దేదైనను పోయినచో ఏడు దినములలో వ్రాయవలెను, సాధ్యమైనచో పెట్టె చేతికి వచ్చిన సాలలో నుండి వెలుపలికి రాకముందే వ్రాయింపవలెను.

ఈ బాధ్యత పాశ్చాత్యులు నిన్న మొన్న కనిపెట్టిన వింత యని యెవ్వరు ననుకొనకుందురు గాక. మన ధర్మశాస్త్రములలో పదునెనిమిది వ్యవహారపదములు చెప్పబడినవి. మనువు వానిలో ఋణమును మొదట చెప్పి, వెంటనే రెండవదిగా నిక్షేపమును, అనగా నమ్మి యప్పగించిన సొమ్మును చెప్పెను. దొంగ లపహరించిన సొమ్మును రాజు ప్రజల కిప్పింపవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. మైసూరు పండితుడు శామశాస్త్రిగారు 1909లో అచ్చొత్తించిన కౌటిల్యుని యర్థశాస్త్రమునందు, కంటకశోధన మను నాలుగవ యధికరణమున నింకను స్పష్టముగ నున్నది. వర్తకుల బిడారు గ్రామమున దిగునప్పుడు తమ సరకుల విలువను తెలిపి దిగవలెనట. అట్లు దిగినవారి సొమ్ము రాత్రి పోయినచో గ్రామాధికారి యిచ్చుకొనవలెనట. రెండూళ్ల నడుమ పోయినచో బీళ్లమీది యధికారి యిచ్చుకొనవలెనట. బాటలో నడుగడుగునకు నొక జవాబుదారి! దొంగ దొరకువఱకు వేచియుండుమని యాత్రికునితో ననుట యందు లేదు. మాంట్రియలులో విలువ ప్రకటించుడనుటకును, కౌటిల్యుడు విలువ తెలిపి దిగుడనుటకును భేద మేమున్నది?

ఇంగ్లండులో 1703లో హోల్టను ప్రధాన న్యాయాధిపతి, పదుగురి సామాను మోయు వాహకుడు దైవఘటనకును, శత్రురాజుల దండునకును తప్ప తక్కిన నష్టమున కెల్ల బాధ్యుడని చెప్పి, దానికి కారణమును తెలిపెను. అట్లు కానిచో వాహకులు దొంగలతో చేతులు కలిపి, ఎవ్వరికిని తెలియని త్రోవలో, నమ్మినవారిని ముంచివేయుదురట. సంస్కృతమున నొకరును, ఇంగ్లీషున నొకరును ఒకరి నొకరెఱుగక యొక్క నిశ్చయమునకే వచ్చిరి. కంచె చేను మేయకుండవలెనన్నచో, మేసిన చేనికి వెల కంచె వేసినవానిచేతనే కట్టింపవలెను.

ఇంక ప్రతివాదుల మాటలను విచారింతము. "విలువగల వస్తువులను చేతిసంచిలో నుంచుకొనవలదా?" అని మొదటివారు. నగలు, నగదు, కాగితములు చేతిసంచిలోనే యుండవలెననుట మాకును సమ్మతమే. కాని చేతిసంచికి సాధారణముగ నేడు కిలోలు మాత్రమే యనుమతి. మూడేండ్ల కష్టము ఏడు కిలోలలో నిముడునా? అంతేకాక, విలువ యను మాటకు కొలత యెవ్వరు పెట్టిరి? శ్రీమంతునికి గడియారము చిల్లర. ఆ కూలివానికి అది కొన్ని దినముల బ్రతుకు. జాగ్రత్త చెప్పుట తప్పు కాదు. జాగ్రత్త చెప్పి జవాబుదారీని దులుపుకొనుట తప్పు.

"టికెట్టు చౌక గదా, ఇంతకంటె నేమి వచ్చును?" అని రెండవవారు. చౌక టికెట్టు కొన్నవానికి కుర్చీ యిఱుకు గావచ్చును, అన్నము దొరకకపోవచ్చును. దొంగతనము టికెట్టులో చేరిన సదుపాయము కాదు.

"యాత్రికులు లేనివి పోయినవని బొంకుదురు" అని మూడవవారు. బొంకువా రుందురు, కాదనము. అందువలననే మేము సాక్ష్యమును కోరుచున్నాము. పెట్టెను పుచ్చుకొనునప్పుడు అరకిలో యెక్కువైనను ద్రవ్యము గుంజుటకు త్రాసు సిద్ధముగ నున్నది. ఇచ్చునప్పు డా త్రాసు ఏ మూలకు బోవుచున్నది? ఎక్కునాటి బరువు లెక్కలలో నున్నది. దిగునాటి బరువు నెవ్వరు చూచుచున్నారు? దిగుచోట నొక త్రాసును నిలిపినచో, బొంకువాని బొంకును, దొంగ దొంగతనమును చాలవఱకు నక్కడనే తేలును. త్రాసునకు జంకువారు నిజమునకు జంకుచున్నా రనుకొందుము.

"ఎక్కడ పోయినదో యెట్లు చెప్పగలము? ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టలేడు గదా" అని నాలుగవవారు. ఈశ్వరునికి లేని యుపకరణము వీరికి గలదు. ప్రతి పెట్టెకును గీతల చీటి కట్టుచున్నారు. పెట్టెను యాత్రికుని చేతినుండి పుచ్చుకొన్నప్పుడు, విమానమున కెక్కించినప్పుడు, మఱియొక విమానమునకు మార్చునప్పుడు, తిరిగి యాత్రికునికి ముట్టజెప్పునప్పుడు దాని జాడను గుఱుతించి యుంచవలెనని విమానసంస్థల ప్రపంచసంఘమైన ఐయాటా తన 753వ తీర్మానముచేత 2018 జూను నుండి విధించినది. దారితప్పిన పెట్టెల విషయమున వీరు నిజముగ పాటుపడిరి. సీటా యను సంస్థ ప్రకటించు లెక్కల ప్రకారము, 2007లో వేయిమంది యాత్రికులకు దాదాపు 19 పెట్టెలు దారితప్పుటయో చెడుటయో జరుగగా, 2024లో ఆ సంఖ్య 6.3కు దిగెను. తలచుకొన్నచో చేయగలరని యిందువలన రుజువగుచున్నది. కాని యా లెక్కలలోనే చినిగిన పెట్టెలను, దోచిన పెట్టెలను ఒక్క గంపలో వేయుచున్నారు. చక్రము విఱుగుటయు, గడియారము మాయమగుటయు నొక్క జాతివా? లెక్కలో ప్రత్యేకముగ కనబడని నేరము శిక్షలో నెట్లు కనబడును?

ఇచ్చట నొక మాట స్పష్టము చేయవలసియున్నది. మా కోపము సామాను మోయు కూలీలమీద గాదు. వారిలో బహుళ సంఖ్యాకులు నిజాయితీపరులు. అర్ధరాత్రి వేళ విమానపు కడుపులో వంగి, తమది గాని బరువును మోయుచు, చాలని జీతమున కొదిగియున్న మన బిడ్డలే వారిలో నుందురు. విమానసంస్థ సామాను పనిని మఱియొక సంస్థ కప్పగించును. ఆ సంస్థ మనుష్యులను గుత్తదారునినుండి తెచ్చుకొనును. గుత్తదారుడు నేడున్న కూలిని ఱేపు మార్చును. దొంగతనము బయటపడినప్పుడు ఒక పేదవానిని పట్టి, పత్రికలలో బొమ్మ వేయించి, పై మూడంతస్తులవారు చేతులు కడుగుకొందురు. శాసనము వాహకుని పట్టుకొమ్మన్నది యిందుకే. గొలుసులోని కడపటి కడియము విఱుగునప్పుడు గొలుసు చేసినవానిని నిలదీయవలెను. నేరమును మాత్రము దాచగూడదు. నమ్మి యప్పగించిన సొమ్మును వాహకుడు కాజేయుట 1860 నాటి శిక్షాస్మృతిలో 407వ ప్రకరణము క్రింద ప్రత్యేక నేరముగ నుండెను. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 316వ ప్రకరణము దానిని నిలిపి, ఏడేండ్లవఱకు శిక్ష విధించుచున్నది.

ఇంతవఱకు పరులను నిందించితిమి. మనలను మనము చూచుకొనకున్నచో నిది సంస్కరణ కాదు. సొమ్ము పోయిన యింట మొదట వినబడు మాట యేది? "దిష్టి తగిలినది" అని యమ్మమ్మ. "ఎవరికో ఋణపడియుంటిమి" అని తాతగారు. "ప్రాణములతో వచ్చితివి, అదే పదివేలు" అని యిరుగుపొరుగు. ఒక్కరును "కాగిత మిటు తెండు, వ్రాయుదము" అనరు. దొంగ కింతకంటె మేలైన న్యాయవాది దొరకునా? 2018 ఫిబ్రవరిలో దుబాయినుండి కోళిక్కోడు చేరిన యాత్రికులు కొందఱు తమ పెట్టెల తాళములు విఱిచి సొమ్ము దోచిరని మొఱపెట్టగా, ఆ సంగతి దేశమంతట పత్రికల కెక్కినది. మలయాళులకు పోయిన సొమ్ము మనకు పోవుట లేదా? పోవుచున్నది, మన నోరు పెగలుట లేదు. ఇంగ్లీషు కాగితము నింపలేక కొందఱు, ఏమేమి తెచ్చితివని కస్టమ్సువారు తిరిగి ప్రశ్నింతురను జంకుచేత కొందఱు, సెలవు దినములు కరగిపోవునని కొందఱు ఊరకుందురు. ఇక చదువుకొన్న మనము, విమానాశ్రయమున త్రాటితో కట్టిన యట్టపెట్టెను చూచి పెదవి విఱుచుచున్నాము. ఆ పెట్టెల సంపాదనలతోనే మన పట్టణములలో మిద్దెలు లేచినవి, బడులలో జీతములు కట్టబడినవి, మనవంటి యుపాధ్యాయులకు శిష్యులు దొరకినారు.

కావున మా కోరికలు నాలుగు. సామా నందుకొను ప్రతి విమానాశ్రయపు సాలలోను యాత్రికుడు తన పెట్టెను తూచుకొనుటకు త్రాసుండవలెను. ఏడు దినముల గడువును తెలుపు పలక తెలుగులో వ్రేలాడవలెను; పి. ఐ. ఆర్. అని వ్యవహరింపబడు ఫిర్యాదు కాగితము తెలుగులోను దొరకవలెను. తనిఖీకై పెట్టె తెఱచువా రెవ్వరైనను, అమెరికా భద్రతాధికారులు చేయునట్లు, తెఱచితిమని యొక చీటి లోపల నుంచవలెను. దొరకు చీటి నుంచును, దొంగ యుంచడు. దోపిడియైన పెట్టెల సంఖ్యను చినిగినవానితో గలుపక, సంస్థలవారీగా ప్రతి సంవత్సరము ప్రకటింపవలెను. వీనిలో ఏ యొక్కదానికిని గొప్ప వ్యయము లేదు.

చదువరులు చేయవలసినది యింతకంటె సులభము. ఇంట నెవ్వరు పయనమైనను, పెట్టె మూయకముందు లోపలి వస్తువుల పట్టిక వ్రాసి, ఫొటో తీసి, కొన్న రసీదుల నింట దాచుడు. వాడలో గల్ఫునుండి యెవ్వరైన వచ్చినచో చూడబోయినప్పుడే పెట్టె సంగతి యడుగుడు; పోయినదని తెలిసినచో ఆ పూటనే విమానసంస్థకు లేఖ వ్రాసిపెట్టుడు. జవాబు రానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి చట్టము ప్రకారము ఫిర్యాదుదారు తానున్న జిల్లాలోనే దావా వేసికొనవచ్చును; అయిదు లక్షలవఱకు రుసుము లేదు; వకీలు లేకున్నను వినవలసినదే. కరీంనగరమునను ఆదిలాబాదునను ఆ తలుపు తెఱచియే యున్నది. త్రోవ చూపువారు మాత్రమే కొఱవడిరి.

ఆ బాలిక తండ్రి సెలవు తీఱి మరల వెడలిపోయినాడు. ఈమాఱు పెట్టెలోని వస్తువుల పట్టికను ఆ బాలికయే తెలుగునను ఇంగ్లీషునను రెండు ప్రతులు వ్రాసి, ఒకటి లోపల నుంచి, ఒకటి తండ్రి జేబులో బెట్టెను. తిరిగి వచ్చునప్పుడు నట్లే చేయుమని చెప్పి పంపినది. ఖాళీ డబ్బా ఇప్పటికిని వారి గూటిలో నున్నది. పెట్టెను పుచ్చుకొన్నవాడు దానిని నిండుగ నప్పగించువఱకు ఆ డబ్బాను పాఱవేయవలదని మేమా బాలికకు చెప్పియున్నాము.